కడిగితే పోయేదేది, కడిగినా పోనిదేది

పరిశ్రమల పక్కన, మురుగు కాలువల వెంట పండే కూరగాయల్లో చేరే సీసం, కాడ్మియం వంటి భారలోహాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మా ఇంటికి వచ్చే ఆకుకూరలు మూసీ పక్క పొలాలవని అమ్మే ఆమే చెప్పింది. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో అరగంట నానబెడుతున్నాను. లోహాలు పోతాయా? కట్టలు మాత్రం చూడముచ్చటగా ఉంటాయి.
– ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: సగం పోతాయి, సగం పోవు. ఏ సగం అన్నది లోహాన్ని బట్టి ఉంటుంది.

సీసాన్ని మొక్క వేరు పెద్దగా పైకి పంపదు. వేరు కణాల గోడల దగ్గరే చాలా వరకు ఆపేస్తుంది. కాబట్టి ఆకులో కనిపించే సీసంలో ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చి అంటుకున్న దుమ్ము, వాన చినుకులకు ఎగిరిపడ్డ మట్టి. ఇది కడిగితే చాలా మటుకు పోతుంది. కాడ్మియం అలా కాదు. రసాయన స్వభావంలో అది జింకుకు దగ్గరి చుట్టం. మొక్క జింకు అనుకుని దాన్ని వేరుతో పీల్చుకుని ఆకుల్లో దాచుకుంటుంది. ఆకు లోపల ఉన్నదాన్ని ఉప్పు, పసుపు, చింతపండు, వెనిగర్‌ ఏవీ బయటికి లాగలేవు. ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది కానీ దానితోపాటు విటమిన్లూ పోతాయి.

కడిగే పద్ధతి మార్చుకోండి. ముందు వేళ్లు, వాటిపైన రెండంగుళాల కాడ కోసి పారేయండి. నేలకు ఆనుకున్న ముదురు ఆకులు, పసుపు తిరిగిన ఆకులు తీసేయండి. మట్టి ఎక్కువగా ఉండేది అక్కడే. కట్ట విప్పి ఆకులు విడదీసి, వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఉంచి కలియబెట్టండి. తర్వాత ఆకులను చేత్తో పైకి ఎత్తి వేరే గిన్నెలో వేయండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. గిన్నెను జల్లెడలోకి వంచేస్తే అడుగున దిగిన మట్టి మళ్లీ ఆకుల మీదే పడుతుంది. గిన్నె అడుగున వేలితో రాస్తే గరుకు తగలనంత వరకు, సాధారణంగా మూడుసార్లు, ఇలాగే చేయాలి. చివర్లో కుళాయి కింద ఒకసారి. తరగడం కడిగిన తర్వాతే. ఉప్పు వేసినా నష్టం లేదు, లాభమూ పెద్దగా లేదు. అరగంట నానబెట్టడం అనవసరం.

చూడముచ్చటగా ఉండటం గురించి ఒక మాట. మురుగు నీటిలో నత్రజని దండిగా ఉంటుంది, ఆ నిగనిగలు దానివే. కాడ్మియం హద్దు దాటిన పాలకూర కూడా చూపుకు, రుచికి, వాసనకు మామూలు పాలకూరలాగే ఉంటుంది.

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర ఎకరం పది గుంటల ఎర్ర చెల్క. బోరు నీళ్లతో టమాటా, వంగ, తోటకూర వేస్తాను. భూసార పరీక్ష కార్డులో అన్నీ బాగానే ఉన్నాయి. అయినా బేరగాళ్లు "ఫ్యాక్టరీల పక్క మాల్‌" అని ధర తగ్గిస్తున్నారు. ఆ కార్డు చూపించవచ్చా?
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ఆ కార్డు ఈ పనికి చెల్లదు. అందులో ఉండేవి పన్నెండు అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), ఈసీ (లవణాల స్థాయి), సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం, నికెల్, క్రోమియం, ఆర్సెనిక్‌ ఒక్కటీ లేవు. పటాన్‌చెరు, కాటేదాన్‌ పారిశ్రామిక ప్రాంతాల నేలల్లో భారలోహాలను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో అధ్యయనం చేశారు. అలాగని ఆ చుట్టుపక్కల ప్రతి పొలమూ చెడిపోయిందని కాదు. వాగు ఒడ్డున ఉన్న చేనుకీ, ఎత్తున ఉన్న చేనుకీ పోలికే ఉండదు. మీ పొలం సంగతి మీ నమూనాయే చెప్పాలి.

మూడు నమూనాలు తీయండి: మట్టి, నీరు, కూర. ఒక్క మట్టితో ఆపేస్తే లోహం ఏ దారిన వస్తోందో తెలియదు.

మట్టికి: చేనంతా అడ్డదిడ్డంగా నడుస్తూ పది, పదిహేను చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కిందికి ఒక పొర చెక్కి తీసుకోండి. రోడ్డు పక్క, గట్టు పక్క, ఎరువు కుప్ప వేసిన చోటు, బోరు షెడ్డు చుట్టూ వదిలేయండి. వాగు వైపు చెక్క, ఎత్తు వైపు చెక్క వేరువేరు నమూనాలుగా ఉండాలి. కలిపేస్తే చెడ్డది మంచిదానిలో దాక్కుంటుంది. పనిముట్టు ముఖ్యం. జింకు పూత వేసిన తట్ట, రంగు వేసిన పార వాడితే ఆ లోహమే నమూనాలోకి వస్తుంది. ఇనుప పారతో తవ్వినా, దానికి తగిలిన మట్టిని చెక్క పుల్లతో గీకేసి లోపలి మట్టి తీసుకోండి. ప్లాస్టిక్‌ టబ్బులో కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అర కిలోకు తగ్గించి నీడలో ఆరబెట్టండి.

నీటికి: బోరు పది నిమిషాలు నడిచాక లీటరు ప్లాస్టిక్‌ సీసాలో పట్టండి. మామూలు సీసాలో పట్టి రెండు రోజులు ఉంచితే లోహం సీసా గోడకు అంటుకుపోయి ఫలితం తక్కువగా వస్తుంది. నైట్రిక్‌ ఆమ్లం చుక్కలు వేసిన సీసాను ప్రయోగశాల నుంచే అడిగి తెచ్చుకోండి. దాన్ని ముందుగా కడగకూడదు.

కూరకు: కోతకు వచ్చిన దశలో పదిచోట్ల నుంచి కిలో. వార్తాపత్రికలో చుట్టవద్దు. వాడిపోకుండా అదే రోజు చేర్చండి, తేమ కూడా కొలవాలి. తోటకూరను రెండు సంచులుగా పంపండి, ఒకటి బాగా కడిగింది, ఒకటి కడగనిది. రెండింటికీ తేడా ఎక్కువుంటే లోహం దుమ్ము దారిన వస్తోంది. తేడా లేకపోతే వేరు దారిన.

ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్‌ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని మాత్రమే కాదు, ‘ఆహారంలో, మట్టిలో కాడ్మియం’ ఆ గుర్తింపు పరిధిలో ఉందా అని అడగండి. మట్టిలో రెండు అంకెలు కావాలి: మొత్తం లోహం ఎంత, డీటీపీఏ అనే రసాయన ద్రావణంతో బయటికి వచ్చేది ఎంత. మొక్కకు అందేదాన్ని సూచించేది రెండోది. మొత్తం ఎక్కువుండి డీటీపీఏ అంకె తక్కువున్న నల్లరేగడిలో కూర శుభ్రంగా రావచ్చు. మొత్తం తక్కువే అయినా ఆమ్ల గుణం ఉన్న చెల్కలో కూర చెడవచ్చు. నీటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సూచించిన సాగునీటి హద్దులతో పోల్చుకోండి. లీటరుకు కాడ్మియం 0.01, క్రోమియం 0.1, ఆర్సెనిక్‌ 0.1, నికెల్‌ 0.2 మిల్లీగ్రాములు. సీసానికి మాత్రం 5. సీసం వేరు దాటి పైకి పోదన్న మాట ఈ అంకెలోనే కనిపిస్తుంది.

ప్రశ్న: తోటకూర రిపోర్టు వచ్చింది. సీసం 2.1, కాడ్మియం 1.9 అని ఉంది. హద్దు సీసానికి 0.3, కాడ్మియానికి 0.2 అట. అంటే ఏడు రెట్లు, తొమ్మిది రెట్లు! పంట దున్నేయాలా?
– మరో రైతు, మేడ్చల్‌

జవాబు: ముందు రిపోర్టు అడుగున చిన్న అక్షరాలు చదవండి. ‘ఎండు బరువు మీద’ అని ఉంటే మీరు పోల్చింది తప్పు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్‌ పెట్టిన హద్దులు ఆకుకూరలకు కిలో పచ్చి బరువు మీద సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు. తోటకూరలో తేమ 88 శాతం అనుకుంటే ఎండు పదార్థం 12 శాతమే. 2.1ని 0.12తో గుణిస్తే 0.25. సీసం హద్దు లోపలే ఉంది. కాడ్మియం 1.9 × 0.12 = 0.23. హద్దు కొద్దిగా దాటింది. తొమ్మిది రెట్లు కాదు, ఆరో వంతు కూడా ఎక్కువ కాదు. మీ నమూనా అసలు తేమ ఎంతో ప్రయోగశాలను అడిగి, ఆ అంకెతో లెక్క మళ్లీ చేయండి.

ఈ పొరపాటు ఎదురు దిశలోనూ జరుగుతుంది. కొన్ని పత్రికల్లో ‘వంద రెట్లు’ అన్న శీర్షికల వెనక ఎండు బరువు అంకె ఉంటే, కొందరు అమ్మకందారులు చూపే ‘సేఫ్‌’ రిపోర్టు వెనక కొలవగలిగే కనీస స్థాయి 0.5 ఉంటుంది. అలాంటి పరికరం 0.2 హద్దును చూడనే లేదు. ‘గుర్తించబడలేదు’ అని రాస్తే, ఎంతకు దిగువన గుర్తించలేరో కూడా రాసి ఉండాలి.

0.23 హద్దుకు దగ్గరి అంకె కాబట్టి పంట దున్నే ముందు మరో నమూనా పంపడం సబబు. మళ్లీ అంతే వస్తే ఆ మడిలో ఆకుకూరలు ఆపండి.

ప్రశ్న: కాడ్మియం ఉందని తేలింది. భూమి అమ్ముకోలేను. సున్నం చల్లితే సరిపోతుందా? ఏ పంట వేయాలి?
– పటాన్‌చెరు ప్రాంతం నుంచే

జవాబు: పంట మార్పు సున్నం కన్నా ఎక్కువ పని చేస్తుంది. అది ఈ సీజన్‌లోనే చేయవచ్చు.

ఆకులో ఎక్కువ, దుంపలో మధ్యస్థం, కాయలో తక్కువ, గింజ పప్పుజాతి కూరల్లో ఇంకా తక్కువ. స్థూలంగా వరుస ఇది. పాలకూర, తోటకూర, చుక్కకూర, కొత్తిమీర మానేయండి. బీర, సొర, కాకర, దోస, చిక్కుడు, గోరుచిక్కుడు వేయండి. పందిరి మీదికి పాకే తీగలైతే మట్టి చిందడం, దుమ్ము రెండూ తగ్గుతాయి. టమాటా ఫరవాలేదు. కాయకూరల్లో అనుమానించాల్సింది వంగ. అదే కుటుంబమైనా టమాటా కన్నా కాడ్మియాన్ని ఎక్కువగా కాయలోకి పంపుతుంది. వంగ వదలలేకపోతే ఉస్తికాయ (సోలానమ్‌ టార్వమ్‌) వేరు మీద అంటుకట్టిన నారు తెచ్చుకోండి. ఆ వేరు కాడ్మియాన్ని పైకి పోనివ్వకుండా ఆపుతుందని జపాన్‌ పరిశోధకులు తేల్చారు. మన దగ్గర ఈ అంటు నారు వాడేది వేరుకుళ్లు, ఎండు తెగుళ్ల కోసం. కాయకూరలకు కాడ్మియం హద్దు ఇంకా కఠినం, కిలోకు 0.05. కాబట్టి మొదటి కోత కాయ ఒకసారి పరీక్షించుకోండి. పూలు, విత్తనోత్పత్తి, పత్తి, నర్సరీ మొక్కలు వేసుకుంటే ఈ గొడవే లేదు.

ఇక సున్నం. పీహెచ్‌ 6.5 కన్నా తక్కువున్న ఎర్ర నేలలో అది నిజంగా పని చేస్తుంది. పీహెచ్‌ను 7 దాకా తెస్తే కాడ్మియం మట్టి రేణువులను గట్టిగా పట్టుకుంటుంది. మోతాదు పరీక్ష కేంద్రం చెప్పినంత. చెల్కల్లో సాధారణంగా ఎకరాకు అర టన్ను నుంచి టన్ను మెత్తటి వ్యవసాయ సున్నం, విత్తడానికి మూడు, నాలుగు వారాల ముందు చల్లి 15 సెంటీమీటర్ల దాకా కలియదున్నాలి. పైపైన చల్లి వదిలేస్తే వేరు ఉన్న చోటికి చేరదు. పీహెచ్‌ ఇప్పటికే 7.5 దాటిన రేగడిలో సున్నం దండగ.

ఇక్కడ చాలామంది తప్పే చోటు ఒకటుంది. సున్నం వేశాక మొక్కకు జింకు కూడా అందదు. జింకు కొరత వచ్చిన మొక్క ఆకలితో కాడ్మియాన్ని మరింత లాక్కుంటుంది. అందుకే ఎకరాకు 20 కిలోల జింక్‌ సల్ఫేట్‌ దుక్కిలో వేయండి. డీఏపీ, సూపర్‌ ఫాస్ఫేట్‌తో కలిపి మాత్రం వేయకూడదు, జింకు కరగని రూపంలోకి మారిపోతుంది. మధ్యలో కొద్ది రోజుల ఎడం ఇవ్వండి. పొటాష్‌కు మ్యూరేట్‌ బదులు సల్ఫేట్‌ ఆఫ్‌ పొటాష్‌ వాడండి. మ్యూరేట్‌లోని క్లోరైడ్‌ కాడ్మియంతో జతకట్టి దాన్ని కదిలేలా చేస్తుంది. ఉప్పు బోరు నీళ్లతోనూ ఇదే చిక్కు. ఎకరాకు నాలుగైదు టన్నుల బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే మేలే. సిటీ కంపోస్టు కొంటే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు హద్దులు చూసి కొనండి: కిలోకు కాడ్మియం 5, సీసం 100, నికెల్‌ 50 మిల్లీగ్రాముల లోపు.

చెరువు పూడిక మట్టి పొలానికి బలమని మన రైతులందరి నమ్మకం. మామూలు చెరువైతే నిజమే. ఫ్యాక్టరీల నీరు దిగిన చెరువులో మాత్రం లోహాలన్నీ పేరుకునేది ఆ పూడికలోనే. పరీక్షించకుండా ఒక్క ట్రాక్టరు కూడా తోలవద్దు.

ఈ సలహా అంతా కాడ్మియానికి. మీ సమస్య ఆర్సెనిక్‌ అయితే వైద్యం తిరగబడుతుంది. పీహెచ్‌ పెరిగినా, భాస్వరం ఎక్కువేసినా ఆర్సెనిక్‌ మట్టిని వదిలి నీటిలోకి వస్తుంది. వరిలో ఈ తేడా ఇంకా స్పష్టం. మడిలో నీరు నిలిస్తే కాడ్మియం గంధకంతో కలిసి కదలకుండా ఉండిపోతుంది, ఆర్సెనిక్‌ మాత్రం కరిగి పైకెక్కుతుంది. మడి ఆరబెడితే ఇది తలకిందులు. ఏ లోహమో తెలియకుండా చేసే వైద్యం ఒకదాన్ని తగ్గించి ఇంకోదాన్ని పెంచవచ్చు.

ప్రశ్న: పొద్దుతిరుగుడు, ఆవాలు వేస్తే నేలలోని లోహాలను పీల్చి శుభ్రం చేస్తాయని వీడియోల్లో చూశాను. ఎన్ని పంటలకు శుభ్రమవుతుంది?
– ఒక యువ రైతు, కీసర

జవాబు: లెక్క మీరే చూడండి. ఎకరాలో 15 సెంటీమీటర్ల పైపొర మట్టి బరువు దాదాపు 900 టన్నులు. కాడ్మియం కిలోకు ఒక్క మిల్లీగ్రాము తగ్గించాలంటే తీయాల్సింది 900 గ్రాములు. మంచి పంట ఎకరాకు 4 టన్నుల ఎండు మొక్క ఇచ్చి, అందులో కిలోకు 5 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకున్నా ఒక పంటకు బయటికి వచ్చేది 20 గ్రాములు. నలభై అయిదు పంటలు. ఏడాదికి రెండు వేసినా ఇరవై రెండేళ్ల పైమాటే. ఈలోపు నీటి దారిన కొత్త కాడ్మియం రాకూడదు, కోసిన మొక్కలను పశువులకు వేయకూడదు, చేలో కాల్చకూడదు. సీసానికైతే ఈ లెక్క వేయడం కూడా వృథా.

జపాన్‌లోని తొయామాలో, జింజు నది వెంట గని నీటి కాడ్మియంతో ఇటాయ్‌-ఇటాయ్‌ అనే ఎముకల జబ్బు వచ్చిన చోట, మొక్కలను నమ్ముకోలేదు. వరి మళ్ల మట్టినే మార్చారు. 1979లో మొదలైన ఆ పని 2012లో ముగిసింది.

ప్రశ్న: జీడిమెట్లలో మేడ మీద తోట పెంచుతున్నాం. మట్టి బయటి నుంచి తెచ్చిందే. అయినా భయమా?
– ఒక ఉద్యోగిని

జవాబు: వేరు దారి మూసేశారు, మిగిలింది దుమ్ము. గాలి ఎక్కువగా వచ్చే వైపు పందిరి తీగలు గానీ షేడ్‌నెట్‌ గానీ అడ్డు పెట్టండి. ఆకుకూర కుండీలు గోడ చాటున ఉంచండి. మట్టి పైన ఎండుగడ్డి పరిస్తే చిందదు. కొత్తిమీర, మెంతికూరకు 20 సెంటీమీటర్లు, బెండకు 45 సెంటీమీటర్ల లోతు చాలు.

కుండీల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. పాత పెయింటు డబ్బాలు, బ్యాటరీ పెట్టెలు, ఏం పోశారో తెలియని రసాయనాల డ్రమ్ములు వద్దు. ఫ్యాక్టరీ పొగ కన్నా ఆ డబ్బాయే ఎక్కువ సీసం ఇవ్వగలదు. పిట్టగోడ పాత రంగు పెచ్చులు ఊడుతుంటే వాటి కింద కుండీలు పెట్టకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగులను అనుమానించాల్సిందే.

ప్రశ్న: మా కోడలికి నాలుగో నెల. డాక్టరు రోజూ ఆకుకూర తినమన్నారు. ఇవన్నీ చదివాక మాన్పించాలనిపిస్తోంది.
– ఒక అత్తగారు, బోడుప్పల్‌

జవాబు: మాన్పించకండి అమ్మా. ఇనుము తక్కువైన ఒంట్లోకి పేగులు కాడ్మియాన్ని, సీసాన్ని మరింత లాక్కుంటాయి. రక్తహీనత ఉన్నవారికి ఆకుకూర ఆపితే నష్టమే ఎక్కువ.

అంతర్జాతీయ నిపుణుల సంఘం జేఈసీఎఫ్‌ఏ 2010లో పెట్టిన కాడ్మియం పరిమితి నెలకు కిలో శరీర బరువుకు 25 మైక్రోగ్రాములు. 55 కిలోల మనిషికి రోజుకు దాదాపు 46. హద్దు మీదున్న పాలకూర (కిలోకు 0.2 మిల్లీగ్రాములు) వంద గ్రాములు తింటే 20 వెళ్తుంది, మిగతాది అన్నం, గోధుమ వగైరాలకు చోటుంటుంది. అదే 0.5 ఉన్న పాలకూర రోజూ తింటే ఆ ఒక్క కూరతోనే 50. ఒకే చోటి కూర రోజూ తినడంలోనే ప్రమాదం ఉంది. కాబట్టి కొనే చోటు మార్చండి. వారంలో రెండు రోజులు మునగాకు, ఒక రోజు మెంతికూర, ఒక రోజు తోటకూర, ఇలా కూరా మారాలి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగే రైతుబజారు రైతు దగ్గర కొనడం మేలు. సీసానికి మాత్రం కడుపులో బిడ్డకు ఇంత వరకు సురక్షితం అన్న హద్దు లేదు, కాబట్టి మొదటి జవాబులో చెప్పినట్టు కడగడంలో అలసత్వం వద్దు. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్టు తాగుతుంటే అది ముందు ఆపాలి. పొగాకు ఆకు కాడ్మియాన్ని పోగుచేసుకునే మొక్కల్లో పేరెన్నికగన్నది.

ప్రశ్న: మూసీ గడ్డి మేసే బర్రెల పాలు?
– నాచారం నుంచి

జవాబు: గడ్డిలోని కాడ్మియం పశువు కాలేయం, మూత్రపిండాల్లో చేరుతుంది. పాలలోకి వచ్చేది చాలా తక్కువ. సీసం కొంత వస్తుంది. పాల కన్నా ఆ పశువుల కాలేయం, కిడ్నీలు తినకపోవడం ముఖ్యం.

ప్రశ్న: మార్కెట్లో కొన్న కూరను మామూలు మనుషులం పరీక్ష చేయించుకోవచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రామంతాపూర్‌

జవాబు: చేయించవచ్చు. ఆహార భద్రత చట్టం 2006లోని 40వ సెక్షన్‌ కింద కొనుగోలుదారు రుసుము కట్టి ఫుడ్‌ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఒక షరతు ఉంది. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవారికి చెప్పాలి. ఇంటికొచ్చాక గుర్తొచ్చి పంపితే ఆ సెక్షన్‌ కింద చెల్లదు. మరో సంగతి, 18వ సెక్షన్‌ ప్రకారం రైతు తన చేలో పండించిన పంటకు ఈ చట్టం వర్తించదు. కాబట్టి రసీదు ఇచ్చే దుకాణంలో కొన్న కూరనే పంపండి. రసీదు మీద తేదీ, కూర పేరు, బరువు రాయించుకోండి. సొంత తృప్తి కోసమైతే ఇవేవీ అక్కర్లేదు, నేరుగా ప్రైవేటు ఎన్‌ఏబీఎల్‌ ప్రయోగశాలకు కిలో కూర ఇవ్వండి. ఫలితం పచ్చి బరువు మీద కావాలని దరఖాస్తులోనే రాయండి.